దగ్గి ఆగిన మోటారు

మొన్నటి వరదల్లో మా టీచర్లందరికీ సహాయ శిబిరాల డ్యూటీ వేశారు. లంకలో చిక్కుకుపోయిన వాళ్ళకి పాల ప్యాకెట్లు, పులిహోర పొట్లాలు చేర్చే పని నా వంతుకి వచ్చింది. అన్నదమ్ములిద్దరు నడుపుకునే చేపల పడవ ఒకటి మాట్లాడారు. వెనక తగిలించిన మోటారు, దాని ముందు ఎర్ర నూనె డబ్బా, మధ్యలో పొట్లాల బస్తాలు, వాటి పక్కన గొడుగు పట్టుకుని నేను. రేవు వదిలి పావుగంట అయిందో లేదో మోటారు చప్పుడు సన్నబడింది. ఒకసారి దగ్గింది. మళ్ళీ అందుకుంది. మళ్ళీ దగ్గింది. ఆ తర్వాత ఆగిపోయింది.

అన్న లేచి మోటారుని కాలితో ఒక్కటి తన్నాడు. తమ్ముడు ప్లగ్గు విప్పడానికి స్పానరు వెతుకుతున్నాడు. పడవ అడ్డం తిరిగి ఎర్రనీటి వాలున పడింది. నేను నీళ్ళని కాదు, మోటారునే చూస్తున్నాను. ఆ దగ్గు నాకు తెలుసు. నా పదకొండో ఏట ఇదే ఏటి పాయ మీద, ఇలాంటి నీళ్ళలోనే విన్నాను.

మా నాన్నగారిది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. అందుకని నన్ను అమ్మమ్మ దగ్గర ఉంచి చదివించారు. అమ్మమ్మ ఇల్లు రేవుగట్టు మీదే. తలుపు తీస్తే ఎండుచేపల వాసన, తలుపు వేస్తే తడిసిన తాళ్ళ వాసన, ఏం చేసినా కిరసనాయిలు వాసన. మోటారుని కాస్త పెట్రోలుతో అందుకోనిచ్చి, వేడెక్కాక కిరసనాయిలు మీద నడిపేవారు. ఇవాళ పిల్లలకి కిరసనాయిలు అంటే ఏంటో చూపిద్దామన్నా రేషను షాపులో చుక్క దొరకదు. మా ఇంట్లో మాత్రం అన్నంలో, దుప్పట్లో, నా జడలో కూడా అదే ఉండేది.

చిన్నతనం అనగానే అందరూ కళ్ళు సగం మూసుకుని తియ్యతియ్యగా మాట్లాడతారు. నాకలా మాట్లాడ్డం చేతకాదు. మా రేవులో మాట కంటే చెయ్యి ముందు వచ్చేది. అమ్మమ్మ గరిటె తిరగేసి కొట్టేది. బళ్ళో మాస్టారు చింతబరికెతో వాయించేవారు. అమ్మకి ఆఖరి తమ్ముడైన మా మావయ్య చేతికి ఏది దొరికితే దానితో కొట్టేవాడు. ఆయన ఆ రేవులో మోటారు పడవ నడిపే సరంగు, పడవా ఆయనదే. శనివారం సాయంత్రం ఎవడిదో మూతి పగలగొట్టేవాడు. ఆదివారం పొద్దున్నే తెల్ల చొక్కా తొడుక్కుని చర్చిలో కానుక సంచీ పట్టుకు తిరిగేవాడు. పాస్టరు గారు క్షమాపణ గురించి చెబుతుంటే అందరికంటే గట్టిగా ఆమెన్ అనేది ఆయనే.

రేవులో ఇంకో మోటారు పడవ కూడా ఉండేది. జనం గట్టు దిగడమే ఆలస్యం, ఆ పడవ వాళ్ళు ఒక చెయ్యి, మావయ్య మనుషులు ఒక చెయ్యి పట్టుకుని లాగేవారు. ఒకసారి పెళ్ళికి పోతున్న ముసలాయన పట్టు లాల్చీ చేతులు రెండూ ఊడి చెరో పడవలోనూ పడ్డాయి. ఆయన మాత్రం గట్టు మీదే మిగిలిపోయాడు. మేం పిల్లలం పడీపడీ నవ్వాం. ఆ వెంటనే పడవ తోసే గెడలు లేచాయి, తలకాయలు చిట్లాయి. చూస్తూ జీళ్ళు చప్పరించిన మాట కూడా దాచను.

ఆ రేవు మొత్తం మీద చెయ్యెత్తని మనిషి ఒక్కడే. ఆయన్ని అందరూ మోటారు మేస్త్రి అనేవారు. కాకినాడ హార్బరులో పని నేర్చుకుని వచ్చాడు. గట్టు కింద తాటాకుల పాక వేసుకుని, రెండు పడవల మోటార్లూ ఆయనే చూసేవాడు. సన్నగా పొడుగ్గా, మెడలో తువ్వాలుతో ఉండేవాడు. పొద్దున్నే దిబ్బరొట్టె తెప్పించుకుని, చెరుకు పానకంలో ముంచి, సగం నాకు పెట్టేవాడు. ఆ రొట్టె మాడు అంచు కోసం నేను బడికి ఆలస్యమై రోజూ బరికె దెబ్బలు తినేదాన్ని. ఆ రొట్టెకి ఆ దెబ్బలు ఎక్కువేం కాదు.

ఆయన నాకు మోటారు నేర్పాడు. ఆడపిల్లకెందుకు అని ఒక్కసారి కూడా అనలేదు.

"మోటారు ఆగిందనుకో, కొట్టకూడదు పాపా. ఎలా ఆగావమ్మా అని అడగాలి" అనేవాడు. "బాగా తిరుగుతా తిరుగుతా ఠక్కున ఆగిందా, కరెంటు పోయింది. దగ్గి, మళ్ళీ అందుకుని, మళ్ళీ దగ్గి ఆగిందా, నూనె అందలేదు. అది చెప్పే ఆగుద్ది. మనమే వినం."

"నూనె అందకపోతే ఎక్కడ వెతకాలండి?"

"డబ్బా మూత దగ్గర మొదలెట్టు. మూత మీద ఈ చిన్న మర చూశావా? ఇది వదులుగా ఉంటేనే లోపలికి గాలి పోద్ది. బొండానికి ఒక్కటే సన్న కన్నం పెట్టి వంచావనుకో, నీళ్ళు సరిగ్గా వత్తాయా? ఇదీ అంతే. మర బిగించేసి ఉంటే పది నిమిషాలు బాగానే నడిచి, ఆనక దగ్గుద్ది. ఇదిగో, పైపు మధ్యలో ఈ రబ్బరు బుడ్డ కూడా చప్పిడి మొహం వేసుకుంటుంది."

ఆ తర్వాత పైపు, అడుగున నీళ్ళు చేరే జల్లెడ, కార్బొరేటరు. అవన్నీ బాగుంటేనే ప్లగ్గు జోలికి పోవాలి. ప్లగ్గు విప్పి, తుడిచి, వైరు తగిలించి, మోటారు ఇనుముకి ఆనించి తాడు లాగితే నీలం నిప్పు టక్కుమని దూకేది. ఆ నిప్పు చూడ్డానికి నేను చదువు మానెయ్యమన్నా మానేసేదాన్ని.

నేనేం బుద్ధిమంతురాలిని కాదు. ఒకనాడు మేస్త్రి లేనప్పుడు, మా క్లాసు పిల్లల్ని నలుగుర్ని చేతులు పట్టించి వరసగా నిలబెట్టి, మొదటి పిల్ల చేతికి ప్లగ్గు వైరిచ్చి తాడు లాగాను. నలుగురూ ఒక్కసారి ఎగిరిపడ్డారు. చివరి పిల్ల నాలుక కొరుక్కుని నోరంతా రక్తం చేసుకుంది. అమ్మమ్మ గరిటె కాడ విరిగేదాకా కొట్టింది. సాయంత్రం మేస్త్రి వచ్చి విన్నాడు. "ఇంకోసారి ఇలా చేస్తే నీకు మోటారు చెప్పను" అన్నాడు. గరిటె దెబ్బలకి ఏడవని దాన్ని ఆ మాటకి వెక్కివెక్కి ఏడ్చాను.

మావయ్య పద్ధతి వేరు. తాడు లాగితే ఒకసారి మోటారు వెనక్కి తన్ని, తాడు పిడి మూతికి తగిలి ముందుపన్ను ఊడింది. రక్తం ఉమ్మేసి, తెడ్డు తీసి మోటారుని బాదడం మొదలెట్టాడు. మేస్త్రి అడ్డుపోయి భుజం మీద ఒకటి తిన్నాడు. "దాన్నెందుకు కొడతారండి, దానికి నొప్పి తెలీదు కదండి" అన్నాడు. అందరూ నవ్వారు. మావయ్య నవ్వలేదు. ఆ మాట ఆయన మనసులో ఎక్కడో దాచుకున్నాడని నాకిప్పుడనిపిస్తుంది.

ఆ ఏడు ఎర్రనీరు తొందరగా వచ్చింది. చెట్లు, గడ్డిమేట్లు, ఉబ్బిపోయిన గేదెలు పాయ నిండా కొట్టుకొచ్చేవి. లంకలో అత్తారింట్లో ఉన్న మా పిన్నికి అప్పుడే రెండో కాన్పయింది. నీళ్ళకి భయపడి పుట్టింటికి తీసుకురాలేకపోయారు. ఆమెకి పాలు పడలేదు. పసిపిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుందని కబురొచ్చింది. అమ్మమ్మ వెతికి వెతికి పాలసొర చేప తెప్పించింది. ఉడకబెట్టి, చర్మం తీసి, చేత్తో పొడిపొడిగా చిదిమి, ఉల్లిపాయ, అల్లం, వెల్లుల్లి వేసి పిట్టు వండింది. బాలింతకి సొరపిట్టు పెడితే పాలు పడతాయని మా వైపు ఎవరినడిగినా చెబుతారు. ఆ పొయ్యి దగ్గర అమ్మమ్మ ఒక చేత్తో గరిటె తిప్పుతూ, ఇంకో చేత్తో కళ్ళు తుడుచుకుంటూ ప్రార్థన చేసుకుంది. ఆమె ఏడవగా చూడ్డం నాకదే మొదలు.

క్యారేజీ నా ఒళ్ళో పెట్టి చెప్పింది. "కిరసనాయిలు కంపు తగిలిందా, బాలింత ముద్ద ముట్టదు. పాలు పడవు. ఆ పసిగుడ్డు ఉసురు నీకే తగులుద్ది. ఒళ్ళోంచి దింపావో, వీపు చీరేత్తాను."

నేనెప్పుడూ నూనె డబ్బా పక్కనే కూర్చునేదాన్ని, మోటారు చప్పుడు అక్కడ బాగా వినబడుతుందని. ఆ రోజు కెరటాలకి పడవ ఊగినప్పుడల్లా మూత మీది వదులు మరలోంచి కిరసనాయిలు చిటుకు చిటుకుమని చిందింది. ఒక చుక్క క్యారేజీ మూత మీద పడింది. పావడాతో తుడిచాను. ఇంకో చుక్క పడింది. ఇటు జరుగుదామంటే పక్కన గేదెదూడని కట్టేశారు, అటు పాల బిందెలు. నేను చెయ్యి చాచి ఆ మర బిగించేశాను. బిగిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసే చేశాను. లంక దగ్గర పడ్డాక వదులు చేద్దాంలే అనుకున్నాను. పదకొండేళ్ళ పిల్లకి పది నిమిషాలంటే ఎంతో తెలీదు.

నడి పాయలోకి వచ్చాం. రెండో పడవ మమ్మల్ని దాటబోయింది. మావయ్య లేచి నిలబడి వాళ్ళ ఏడు తరాలనీ తిడుతున్నాడు. వాళ్ళూ తిడుతున్నారు. పడవలో జనం కూడా గొంతు కలిపారు. ఆ గోలలో మోటారు దగ్గింది. విన్నది నేనొక్కదాన్నే. మళ్ళీ అందుకుంది, మళ్ళీ దగ్గింది. నేను మర మీద చెయ్యి వేశాను. సరిగ్గా అప్పుడే మోటారు ఆగింది. మావయ్య ఒక్క గెంతున వచ్చి "లేవే పక్కకి" అని మోచేత్తో తోశాడు. అది నా దవడకి తగిలింది. క్యారేజీతో సహా పోయి ముందు చెక్క దగ్గర పడ్డాను. నోటినిండా రక్తం.

ఆ తర్వాత మర మాట చెప్పడానికి నా నోరు పెగల్లేదు. మావయ్య తాడు లాగాడు, లాగాడు. మోటారుని తిట్టాడు, తన్నాడు. ప్లగ్గుకి స్పానరు వేసి తిప్పి, కాలుతున్న దాన్ని వట్టిచేత్తో లాగి, వేళ్ళు చురుక్కుమంటే ఏట్లో పారేశాడు. అంతలో నీటి వాలు మమ్మల్ని పాత రేవు రాతి స్తంభాల మీదికి తోసేసింది. పడవ ఒక పక్కకి ఒరిగి సగం మందిని నీళ్ళలో పారబోసింది. పాలవాడి తల రాతికి తగిలి పగిలింది. మావయ్య కనుబొమ కంటి దాకా చీలింది. గేదెదూడ మెడ తాడు పడవకే ఉంది. ఎవరూ విప్పలేకపోయారు. దాని కాళ్ళు నీళ్ళలో కొట్టుకున్నంతసేపూ చెక్కలకి తగిలిన చప్పుడు నా చెవుల్లో ఇప్పటికీ ఉంది.

మమ్మల్ని లాగి ఒడ్డున పడేసింది రెండో పడవ వాళ్ళే. మనిషి ప్రాణం ఒక్కటీ పోలేదు. ప్రభువు దయ అంది అమ్మమ్మ. మావయ్యకి మాత్రం బతకడం కంటే, వాళ్ళ చేతుల మీద బతకడం పెద్ద దెబ్బ అయింది. ఆ దెబ్బ ఎవరికో ఒకరికి తిరిగి ఇవ్వాలి. ముందురోజే మోటారులో కాయిలు వైరు తెగితే మేస్త్రి అతికాడు. అదే సాయంత్రం రెండో పడవ వాళ్ళతో కలిసి టీ తాగాడు. వాళ్ళ మాట విని మేస్త్రే మోటారు పాడుచేశాడనడానికి మావయ్యకి ఆ రెండు ముక్కలూ చాలు.

పాకలోంచి మేస్త్రిని జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చారు. అయిదుగురు మనుషులు, ఆయనొక్కడు. గెడలతో కొట్టారు. గట్టు మీద ఊరంతా నిలబడి చూసింది. ఆయన చేతులు అడ్డం పెట్టుకున్నాడే కాని ఎత్తలేదు. రక్తం కారుతున్న నోటితో ఒకటే మాట అడుగుతున్నాడు.

"మోటారు ఎలా ఆగిందండి? ఠక్కున ఆగిందా, దగ్గి ఆగిందా? అది చెప్పండి, చాలు."

"ఆగిపోయింది, అంతే. నువ్వు ఆపించావ్" అని మావయ్య మళ్ళీ కొట్టాడు.

అప్పుడు మేస్త్రి తల తిప్పి గుంపులో నన్ను చూశాడు. ఆయన మొహంలోకి ధైర్యం వచ్చింది. అది నాకు స్పష్టంగా కనబడింది.

"పాపకి తెలుసండి. పాప వినుంటుంది. పాపా, నువ్వు చెప్పమ్మా. ఎలా ఆగింది?"

అందరూ నా వైపు తిరిగారు. మావయ్య చేతిలో గెడ ఆగింది. ఠక్కున ఆగింది అంటే కరెంటు పోయినట్టు, తప్పు మేస్త్రి అతికిన వైరుది. దగ్గి ఆగింది అంటే మేస్త్రి లేచి తిన్నగా నూనె డబ్బా దగ్గరికి పోతాడు. మూత మీద మర బిగించి ఉంటుంది. దాని పక్కన కూర్చున్నదాన్ని నేను. మావయ్య కనుబొమ, పాలవాడి తల, చచ్చిన దూడ, అన్నీ నా మీద పడతాయి. ఆ గెడలు ఎవరి మీద పడితే ఎలా ఉంటుందో అప్పుడే చూశాను.

"ఠక్కున ఆగింది" అన్నాను.

మేస్త్రి నా మొహం వైపు చూసి, అడ్డం పెట్టుకున్న చేతులు దించేశాడు. మావయ్య ఆయన కుడిచెయ్యి పట్టుకుని పడవ అంచు మీద పెట్టించి, ఆయన పెద్ద స్పానరుతోనే మూడుసార్లు కొట్టాడు. వైరు అతికిన చెయ్యి అది, నాకు రొట్టె తుంచి పెట్టిన చెయ్యి. మొదటి దెబ్బకి ఆయన అరిచాడు, తర్వాత అరవలేదు. నేను క్యారేజీని రెండు చేతులతో పొట్టకి అదుముకుని నిలబడ్డాను.

ఇంటికి వెళ్ళాక అమ్మమ్మ ఆ క్యారేజీ మూత తీసి వాసన చూసింది. పిట్టంతా గట్టు కింద కుక్కలకి పారబోసింది. కిరసనాయిలు కంపు కొడుతోంది మరి. ఆ రోజు నన్నెవరూ కొట్టలేదు.

మర్నాడు పొద్దున్నే గట్టు దిగాను. ఒడ్డుకి లాగిన పడవ పక్కన మోటారూ, నూనె డబ్బా పడి ఉన్నాయి. మేస్త్రి అక్కడున్నాడు. కుడిచేతికి తువ్వాలు చుట్టుకున్నాడు, అది నల్లగా గట్టిపడింది. రాజమండ్రి ఆస్పత్రికి పోయే బస్సు కోసం బయల్దేరి, దారిలో ఆగినట్టున్నాడు. ఆయన రబ్బరు బుడ్డ వైపు చూశాడు. అది చప్పిడిగా అంటుకుపోయి ఉంది. ఎడంచేత్తో మూత మీద మర తిప్పాడు. స్స్‌మని గాలి లోపలికి పోయింది. బుడ్డ మెల్లగా ఉబ్బింది.

ఆయన నన్ను కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఎవరికీ చెప్పకు పాపా. తెలిస్తే నిన్ను చంపేత్తారు" అన్నాడు.

ఆ మర మళ్ళీ బిగించి, ఎవరూ ముట్టనట్టు డబ్బాని ఎప్పటిలా పెట్టి, గట్టెక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ మా రేవుకి రాలేదు. కడియంలో నర్సరీల దగ్గర ఎడంచేత్తో మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడని ఒకరు, చచ్చిపోయాడని ఒకరు చెప్పారు. కొత్తగా వచ్చిన మేస్త్రి మోటారు విప్పి, కాయిలు వైరు అతుకు భేషుగ్గా ఉందన్నాడు. మావయ్య విననట్టు బీడీ వెలిగించుకున్నాడు. నేను పాత మేస్త్రి చెప్పినట్టే ఎవరికీ చెప్పలేదు. ఆయన మాట వినడానికి నాకు అంత అనువైన మాట ఇంకోటి దొరకలేదు. దేవుడి దగ్గర చెప్పుకున్నాను, చాలాసార్లు. అది సుఖం, దేవుడు తిరిగి ఏం అడగడు. పిన్ని కూతురు ఎవరి పాలో తాగి బతికింది, ఇప్పుడు దానికీ పిల్లలున్నారు. ఆ రేవూ లేదు, వంతెన వచ్చాక జనాన్ని దాటించే పడవలూ పోయాయి. మావయ్య మంచంలో పడి పోయేముందు చెబుదామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. నేను పిరికిదాన్ని. ఇంతకంటే మర్యాదైన మాట దొరకలేదు.

మొన్న పడవలో తమ్ముడు ప్లగ్గుకి స్పానరు వేస్తుంటే, ఆగమని చెప్పాను. "అది దగ్గి ఆగింది బాబూ. కరెంటు కాదు. డబ్బా మూత మీద మర చూడు."

అతను వంగి చూశాడు. మర బిగించి ఉంది. తిప్పితే స్స్‌మంది. బుడ్డ రెండుసార్లు నొక్కి తాడు లాగితే మోటారు అందుకుంది. వాలున పడ్డ పడవ మెల్లగా తల తిప్పుకుంది.

అప్పుడు అన్నకి కోపం వచ్చింది. అంతసేపూ భయంలో ఉండి, భయం తీరాక వచ్చే కోపం అది, నాకు బాగా తెలుసు. "రాత్రి మర బిగించి పొద్దున్న మర్చిపోయావా? ఎన్నిసార్లు చెప్పాన్రా నీకు? మేడం గారిని ఏట్లో ముంచేద్దామనుకున్నావా?" అంటూ పక్కనున్న గెడ తీశాడు. పెళ్ళయి పిల్లలున్న ఆ తమ్ముడు, మోటారు పిడి వదలకుండానే తల వంచి ఒక చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆ చెయ్యి పెట్టుకున్న తీరు చూశాను.

నేను లేచి నిలబడ్డాను. పడవ ఊగింది, గొడుగు ఏట్లో పడిపోయింది.

"అతన్ని కొట్టకు. ఆ మర నేనే బిగించాను."

అన్న గెడ పట్టుకునే ఆగిపోయాడు. "మీరాండి?"

"నేనే. అన్నానికి కిరసనాయిలు వాసన తగులుతుందని బిగించాను."

ఆ డబ్బాలో ఉన్నది పెట్రోలు. తమ్ముడు తలెత్తి నా వైపు వింతగా చూశాడు. నేను ఆ డబ్బాని ముట్టుకోలేదని అతనికి తెలుసు. అన్న మాత్రం గెడ కింద పెట్టేశాడు. పెద్దదాన్ని, టీచర్ని, నన్నేం అనగలడు.

"ఆ ముక్క అప్పుడే చెబితే సరిపోయేది కదండి" అన్నాడు నెమ్మదిగా.

"అవును బాబూ. అప్పుడే చెబితే సరిపోయేది" అన్నాను.